కార్బ్యురేటరు జెట్టింగు (సైలెన్సరు మార్పు తరువాత)

కార్బ్యురేటరు జెట్టింగు అనగా పెట్రోలు ఇంజనులోనికి వెళ్ళే గాలికి తగిన పాళ్ళలో ఇంధనం కలిసేటట్లు కార్బ్యురేటరులోని జెట్లను, సూదిని, మరలను మార్చి సరిచేసే ప్రక్రియ. మోటారు సైకిలుకు తయారీదారు అమర్చిన సైలెన్సరును తీసివేసి, బజారులో లభించే వేరొక సైలెన్సరును బిగించినపుడు ఈ సవరణ చాలా సందర్భాలలో అవసరమవుతుంది. సవరణ చేయకపోతే ఇంజను వేడెక్కడం, వేగం పుంజుకునేటపుడు తడబడటం, ఎక్సిలరేటరు వదిలినపుడు సైలెన్సరులో టపటపమని పేలుళ్ళు వినిపించడం వంటి లక్షణాలు కనిపించవచ్చు. కొన్ని సందర్భాలలో పిస్టను దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది.

భారతదేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 ప్రమాణాలు అమలులోనికి వచ్చిన తరువాత కొత్త మోటారు సైకిళ్ళలో దాదాపు అన్నిటికీ ఇంధన ఇంజెక్షను పద్ధతి వచ్చింది. అయినప్పటికీ అంతకు ముందు తయారైన కార్బ్యురేటరు వాహనాలు పెద్ద సంఖ్యలో రోడ్ల మీద తిరుగుతున్నాయి. ఈ వ్యాసంలోని విషయం ఆ వాహనాలకు వర్తిస్తుంది.

== గాలి, ఇంధనాల నిష్పత్తి ==

పెట్రోలు పూర్తిగా మండటానికి సిద్ధాంతరీత్యా ఒక గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. దీనిని 14.7:1 నిష్పత్తిగా వ్రాస్తారు. ఇంతకంటే గాలి ఎక్కువగా ఉంటే దానిని పలుచని మిశ్రమం అనీ, ఇంధనం ఎక్కువగా ఉంటే చిక్కని మిశ్రమం అనీ అంటారు. మెకానిక్కుల వాడుకలో వీటిని లీన్, రిచ్ అని పిలుస్తారు.

ఇంజనుకు అన్ని వేళలా ఒకే నిష్పత్తి సరిపోదు. గరిష్ఠ శక్తి సుమారు 12.5:1 నుండి 13:1 మధ్య లభిస్తుంది. పొదుపుగా నడవడానికి 15:1 లేక 16:1 వరకు పలుచని మిశ్రమం పనికివస్తుంది. చల్లని ఇంజను స్టార్టు కావడానికి చాలా చిక్కని మిశ్రమం కావాలి. చోక్ చేసే పని అదే.

పలుచని మిశ్రమం వలన ఇంజను వేడెక్కుతుంది. పూర్తి థ్రాటిల్ వద్ద మిశ్రమం పలుచబడితే, అదనపు ఇంధనం ఆవిరి కావడం వలన కలిగే చల్లదనం తగ్గిపోయి, పేలుడు దహనం మొదలయ్యే అవకాశం పెరుగుతుంది. దీనిని నాకింగు అంటారు. ఇది కొనసాగితే పిస్టను తల కరిగి రంధ్రం పడవచ్చు. చిక్కని మిశ్రమం వలన ఇంత తక్షణ ప్రమాదం లేదు. కానీ మైలేజీ పడిపోతుంది, ప్లగ్గుకు మసి పడుతుంది, సిలిండరు గోడల మీది నూనె పొర పెట్రోలుతో కడిగివేయబడి రింగులు త్వరగా అరుగుతాయి. ఉత్ప్రేరక కన్వర్టరు గల వాహనాలలో, మండని ఇంధనం కన్వర్టరులో మండి దానిని పాడుచేస్తుంది.

== కార్బ్యురేటరు పనిచేసే విధానం ==

పిస్టను కిందికి దిగునపుడు సిలిండరులో పీడనం తగ్గి, బయటి గాలి ఎయిర్ ఫిల్టరు గుండా కార్బ్యురేటరులోనికి వస్తుంది. కార్బ్యురేటరు మధ్యభాగం ఇరుకుగా ఉంటుంది. దీనిని వెంచురి అంటారు. ఇరుకు భాగంలో గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. కింద ఫ్లోటు గిన్నెలో ఉన్న పెట్రోలు మీద వాతావరణ పీడనం ఉంటుంది. ఈ రెండు పీడనాల తేడా వలన పెట్రోలు జెట్టు గుండా పైకి ఎగబ్రాకి గాలిలో తుంపరలుగా కలుస్తుంది. జెట్టు అనగా కొలిచి తొలిచిన రంధ్రం గల చిన్న ఇత్తడి ముక్క.

మోటారు సైకిళ్ళలో రెండు రకాల కార్బ్యురేటర్లు ఎక్కువగా కనిపిస్తాయి.

* స్లైడు కార్బ్యురేటరు: ఇందులో ఎక్సిలరేటరు తీగ స్లైడును నేరుగా పైకి లాగుతుంది. స్లైడుకు వేలాడే సూది దానితోపాటు పైకి లేచి ఇంధన మార్గాన్ని వెడల్పు చేస్తుంది. పోత ఇనుప ఇంజను గల రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350, యమహా ఆర్ఎక్స్ 100 వంటి వాహనాలలో ఈ రకం వాడారు.
* స్థిర శూన్యక కార్బ్యురేటరు: దీనిని సీవీ కార్బ్యురేటరు అంటారు. ఇందులో ఎక్సిలరేటరు తీగ ఒక రెక్కను మాత్రమే తిప్పుతుంది. స్లైడును పైకి లేపేది రబ్బరు డయాఫ్రం మీద పనిచేసే శూన్యకం. 2009లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మోటారు సైకిలులో 29 మి.మీ. సీవీ కార్బ్యురేటరు ఉండేది. ఇంజను గాలిని పీల్చగలిగిన మేరకే స్లైడు లేస్తుంది గనుక ఈ రకం చిన్న మార్పులను కొంతవరకు సర్దుకుంటుంది.

== ఇంధన మార్గాలు ==

కార్బ్యురేటరులో ఒకే జెట్టు ఉండదు. ఎక్సిలరేటరు ఎంత తిప్పారన్న దానిని బట్టి వేర్వేరు భాగాలు ఇంధనాన్ని నిర్ణయిస్తాయి. జెట్టింగులో ముఖ్యంగా తెలుసుకోవలసిన విషయం ఇదే: లోపం ఇంజను వేగాన్ని బట్టి కాక, థ్రాటిల్ తెరిచిన మేరను బట్టి గుర్తించాలి.

* పైలట్ జెట్టు, పైలట్ మర: ఐడిలింగు నుండి సుమారు పావు వంతు థ్రాటిల్ వరకు.
* స్లైడు అంచు కోత: సుమారు ఎనిమిదో వంతు నుండి పావు వంతు వరకు. ఇది స్లైడు కార్బ్యురేటర్లకు వర్తిస్తుంది.
* సూది, సూది జెట్టు: సుమారు పావు వంతు నుండి ముప్పావు వరకు.
* మెయిన్ జెట్టు: సుమారు ముప్పావు నుండి పూర్తి థ్రాటిల్ వరకు.

ఈ హద్దులు ఖచ్చితమైనవి కావు. ఒకదాని ప్రభావం మెల్లగా తగ్గుతూ మరొకదాని ప్రభావం పెరుగుతుంది. వీటన్నిటికీ మూలం ఫ్లోటు గిన్నెలోని పెట్రోలు మట్టం. మట్టం తక్కువైతే అన్ని స్థాయిలలోనూ మిశ్రమం పలుచబడుతుంది, ఎక్కువైతే చిక్కబడుతుంది.

సాధారణ వినియోగంలో మోటారు సైకిలు ఎక్కువ సమయం సగం కంటే తక్కువ థ్రాటిల్‌లోనే నడుస్తుంది. కనుక మెయిన్ జెట్టు ఒక్కటే పెద్దది వేస్తే పట్టణంలో నడిచే తీరులో మార్పు దాదాపు ఉండదు. "సైలెన్సరు మార్చాక మెయిన్ జెట్టు పెంచాలి" అన్న ప్రచారంలోని ప్రధాన లోపం ఇది.

== సైలెన్సరు మారితే మిశ్రమం ఎందుకు మారుతుంది ==

గాలి ఎక్కువగా వస్తే వెంచురిలో పీడనం మరింత తగ్గి ఇంధనం కూడా ఎక్కువగానే వస్తుంది కదా, మరి మిశ్రమం ఎందుకు మారాలి అన్న సందేహం సహజం. కార్బ్యురేటరు కొంతవరకు తనంతట తానే సర్దుకుంటుందన్నది నిజమే. సర్దుకోలేకపోవడానికి కారణాలు కింది విధంగా ఉన్నాయి.

=== తయారీదారు పెట్టే పలుచని అమరిక ===

ఉద్గార ప్రమాణాలను పాటించడం కోసం తయారీదారులు ఐడిలింగు, తక్కువ థ్రాటిల్ స్థాయిలలో మిశ్రమాన్ని వీలైనంత పలుచగా ఉంచుతారు. అమెరికాలో 1978 నమూనా సంవత్సరం నుండి మోటారు సైకిళ్ళకు ఉద్గార ప్రమాణాలు వచ్చాయి. ఆ తరువాత పైలట్ మరను ఎవరూ తిప్పకుండా దాని మీద చిన్న ఇత్తడి మూత బిగించడం ఆచారమైంది. ఈ అమరికలో మిగులు చాలా తక్కువ. సైలెన్సరు మార్పు వలన కలిగే కొద్దిపాటి తేడా కూడా ఇంజను తడబడేటట్లు చేయడానికి సరిపోతుంది.

=== పీడన తరంగాలు ===

నిష్కాస కవాటం తెరుచుకున్నపుడు వేడి వాయువులతో పాటు ఒక పీడన తరంగం గొట్టంలో ప్రయాణిస్తుంది. గొట్టం చివర వెడల్పు పెరిగినచోట అది అల్పపీడన తరంగంగా వెనుకకు మరలుతుంది. నిష్కాస దశ ముగింపులో, ప్రవేశ, నిష్కాస కవాటాలు రెండూ కొద్దిసేపు తెరిచి ఉంటాయి. ఆ క్షణంలో అల్పపీడన తరంగం కవాటం వద్దకు చేరితే అది మిగిలిన పొగను బయటికి లాగి, కొత్త మిశ్రమాన్ని లోపలికి రప్పిస్తుంది. మరలి వచ్చినది అధికపీడన తరంగమైతే పొగను వెనుకకు, ప్రవేశ మార్గంలోనికి నెడుతుంది.

వేడి వాయువులో తరంగ వేగం సెకనుకు సుమారు 500 మీటర్లు అనుకుంటే, ఒక మీటరు గొట్టంలో పోయిరావడానికి 4 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుంటే ఆ వ్యవధిలో క్రాంకు 120 డిగ్రీలు తిరుగుతుంది. 3,000 చుట్ల వద్ద 72 డిగ్రీలు మాత్రమే. కనుక ఒక గొట్టం ఒక వేగం వద్ద మేలు చేసి మరొక వేగం వద్ద కీడు చేస్తుంది. సైలెన్సరు మార్చినపుడు ఈ మేలు కీడుల స్థానాలు మారిపోతాయి.

=== వెనుకకు ఊదడం ===

అధికపీడన తరంగం ప్రవేశ మార్గంలోనికి చేరినపుడు గాలి కార్బ్యురేటరు గుండా వెనుకకు పోయి మళ్ళీ ముందుకు వస్తుంది. కార్బ్యురేటరు దిశను గుర్తించలేదు. గాలి ఏ దిక్కుకు పోయినా ఇంధనాన్ని కలుపుతుంది. అదే గాలికి రెండు, మూడు సార్లు ఇంధనం కలిసి ఆ వేగం వద్ద మిశ్రమం చిక్కబడుతుంది. కనుక సైలెన్సరు మార్చిన తరువాత వచ్చే ప్రతి తడబాటూ పలుచని మిశ్రమం వలననే అని భావించడం సరికాదు.

=== వెనుక పీడనం గురించిన అపోహ ===

"ఇంజనుకు కొంత వెనుక పీడనం అవసరం, అది లేకపోతే పికప్ పోతుంది" అన్న మాట విస్తృతంగా వినిపిస్తుంది. నాలుగు ఘాతాల ఇంజనుకు వెనుక పీడనం వలన ఏ మేలూ లేదు, పొగను నెట్టడానికి పిస్టను శక్తి ఖర్చవుతుంది. పికప్ తగ్గడానికి అసలు కారణాలు రెండు: మరీ వెడల్పైన గొట్టంలో వాయువు వేగం తగ్గి, తరంగాల కాలం తప్పడం, మారిన ప్రవాహానికి తగినట్లు కార్బ్యురేటరును సవరించకపోవడం.

== ఏ మార్పుకు ఎంత సవరణ ==

* చివరి డబ్బా మాత్రమే మార్చడం: ఇంజను నుండి వచ్చే వంపు గొట్టం పాతదే ఉంటుంది. తేడా సాధారణంగా స్వల్పం. పైలట్ మర సవరణ, అవసరమైతే సూదిని ఒక గాడి పైకి లేపడం సరిపోవచ్చు. కొన్ని వాహనాలకు ఏ సవరణా అక్కరలేదు.
* గొట్టంతో సహా మొత్తం మార్చడం: పైలట్, సూది, మెయిన్ జెట్టు మూడింటినీ పరిశీలించవలసి ఉంటుంది.
* ఎయిర్ ఫిల్టరును కూడా మార్చడం: ఇది సైలెన్సరు కంటే పెద్ద మార్పు. ఫ్లోటు గిన్నె మీద వాతావరణ పీడనం ఉంటుంది. వెంచురిలోని పీడనంలో ఫిల్టరు కలిగించే అడ్డు కూడా కలిసి ఉంటుంది. ఫిల్టరు పెట్టెను తీసివేస్తే ఆ అడ్డు పోయి, పెట్రోలును లాగే పీడన భేదం తగ్గుతుంది. గాలి పెరిగి, లాగే శక్తి తగ్గడం వలన మిశ్రమం బాగా పలుచబడుతుంది.

== సవరణకు ముందు చూడవలసినవి ==

జెట్టింగు లోపాలుగా కనిపించేవాటిలో చాలా వరకు ఇతర లోపాలే అయి ఉంటాయి. జెట్లను ముట్టుకునే ముందు కింది వాటిని సరిచూడాలి.

* ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉండాలి. కవాటాల సందు, ప్లగ్గు సందు సరిగా ఉండాలి.
* కార్బ్యురేటరుకు, ఇంజనుకు మధ్య ఉన్న రబ్బరు గొట్టంలో పగుళ్ళు ఉండరాదు. పగులు గుండా గాలి చొరబడితే ఏ జెట్టు వేసినా ఐడిలింగు నిలవదు.
* సైలెన్సరు గొట్టం ఇంజను తలకు కలిసేచోట గ్యాస్కెట్టు కొత్తది వేయాలి. ఇక్కడ సందు ఉంటే బయటి గాలి లోపలికి పోయి పేలుళ్ళు వస్తాయి. దీనిని పలుచని మిశ్రమంగా పొరబడతారు.
* ఫ్లోటు మట్టం తయారీదారు చెప్పినట్లు ఉండాలి.
* పొగలోనికి గాలిని పంపే ద్వితీయ గాలి వ్యవస్థ గల వాహనాలలో, ఎక్సిలరేటరు వదిలినపుడు వచ్చే చిన్న శబ్దాలు ఆ గాలి వలన కూడా రావచ్చు.
* పాత అమరికను, అనగా జెట్ల సంఖ్యలు, సూది గాడి, మర తిప్పిన చుట్లను కాగితం మీద వ్రాసి ఉంచుకోవాలి.

కార్బ్యురేటరు విప్పే ముందు పెట్రోలు ట్యాపు మూసి, ఫ్లోటు గిన్నెలోని పెట్రోలును తీసివేయాలి. ఈ పని గాలి వచ్చే ప్రదేశంలో, నిప్పుకు దూరంగా, ఇంజను చల్లారిన తరువాత చేయాలి. జపాను నమూనా కార్బ్యురేటర్ల మరలు చూడటానికి మామూలు నక్షత్రపు మరల వలె ఉన్నా వాటి కోత వేరు. తగిన స్క్రూడ్రైవరు వాడకపోతే తలలు చెడిపోతాయి.

== సవరణ క్రమం ==

ఒకసారికి ఒక మార్పు మాత్రమే చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. పరీక్షలన్నీ ఇంజను పూర్తిగా వేడెక్కిన తరువాతనే చేయాలి. థ్రాటిల్ పిడి మీద, దాని పక్కన ఉన్న స్థిర భాగం మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకోవడం ఉపయోగకరం.

క్రమం విషయంలో రెండు పద్ధతులు ఉన్నాయి. కొందరు ఐడిలింగుతో మొదలుపెట్టి పైకి పోతారు. మెయిన్ జెట్టుతో మొదలుపెట్టి కిందికి రావడం రెండవ పద్ధతి. ఎక్కువ థ్రాటిల్ వద్ద పలుచని మిశ్రమమే అన్నిటికంటే ప్రమాదకరం గనుక రెండవ పద్ధతిలో ఇంజనుకు రక్షణ ఎక్కువ.

=== మెయిన్ జెట్టు ===

జెట్లు సాధారణంగా 2.5 లేక 5 అంచెలలో లభిస్తాయి. కెయిహిన్ జెట్టు మీద 100 అని ఉంటే దాని రంధ్రం వ్యాసం 1.00 మి.మీ. అని అర్థం. మికూని కంపెనీ ఆరు పలకల పెద్ద మెయిన్ జెట్ల సంఖ్య ప్రవాహ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఒక కంపెనీ సంఖ్యను మరొక కంపెనీకి వర్తింపజేయరాదు. వ్యాసాన్ని సూచించే సంఖ్యల విషయంలో, 100 నుండి 105 కు మారితే సంఖ్య 5 శాతమే పెరిగినా రంధ్రం వైశాల్యం 10 శాతానికి పైగా పెరుగుతుంది. కనుక ఒక్కసారిగా పెద్ద అంచెలు వేయరాదు.

మొదట కొంచెం పెద్ద జెట్టుతో మొదలుపెట్టి, క్రమంగా తగ్గిస్తూ రావడం సురక్షితం. పూర్తి థ్రాటిల్‌లో వెళ్తూ ఎక్సిలరేటరును కొద్దిగా, సుమారు ఎనిమిదో వంతు వెనుకకు తిప్పితే కనిపించే ఫలితం ఇలా ఉంటుంది.

* ఇంజను వేగం పుంజుకున్నట్లయితే జెట్టు చిన్నది. వెనుకకు తిప్పినపుడు మిశ్రమం క్షణకాలం చిక్కబడటమే దీనికి కారణం.
* ఇంజను తడబడితే జెట్టు పెద్దది.
* వేగం కొద్దిగా తగ్గితే జెట్టు సరిగా ఉన్నట్లు.

ఈ పరీక్ష పూర్తి వేగంతో ముడిపడినది గనుక ప్రజా రహదారి మీద చేయరాదు. మూసివేసిన ట్రాకు గాని, డైనమోమీటరు గాని దీనికి తగినవి.

=== సూది ===

సూది తలలో సాధారణంగా ఐదు గాళ్ళు ఉంటాయి. వాటిలో ఒకదానిలో చిన్న క్లిప్పు ఉంటుంది. క్లిప్పును కింది గాడిలోనికి మారిస్తే సూది పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. పై గాడిలోనికి మారిస్తే సూది దిగి మిశ్రమం పలుచబడుతుంది. కొత్తవారు దీనిని తలకిందులుగా అర్థం చేసుకోవడం తరచు జరుగుతుంది. అనేక సీవీ కార్బ్యురేటర్లలో తయారీదారు ఒకే గాడి గల సూదిని అమర్చుతాడు. అటువంటి సందర్భంలో సూది కింద పలుచని వాషరు పెట్టి లేపుతారు, లేదా డైనోజెట్ వంటి కంపెనీలు అమ్మే గాళ్ళున్న సూదిని వాడతారు.

సగం థ్రాటిల్ వద్ద ఒకే వేగంతో పోతూ ముప్పావుకు తెరిచినపుడు ఇంజను వెంటనే స్పందించాలి. ఒక క్షణం ఖాళీగా ఉన్నట్లు తోచి తరువాత అందుకుంటే మిశ్రమం పలుచగా ఉన్నట్లు. బరువుగా, గుర్రుమంటూ, మసి పొగతో లేస్తే చిక్కగా ఉన్నట్లు.

=== పైలట్ మర ===

పైలట్ మరలు రెండు రకాలు. వీటిని గుర్తించకుండా తిప్పితే ఫలితం విరుద్ధంగా ఉంటుంది.

* గాలి మర: స్లైడుకు ఎయిర్ ఫిల్టరు వైపున ఉంటుంది. బయటికి విప్పితే గాలి పెరిగి మిశ్రమం పలుచబడుతుంది.
* మిశ్రమ మర: స్లైడుకు ఇంజను వైపున ఉంటుంది. బయటికి విప్పితే ఇంధనం పెరిగి మిశ్రమం చిక్కబడుతుంది.

మరను ఆగేవరకు మెల్లగా బిగించి, అక్కడి నుండి తయారీదారు చెప్పినన్ని చుట్లు, సాధారణంగా ఒకటిన్నర నుండి రెండున్నర, విప్పాలి. గట్టిగా బిగిస్తే దాని మొన విరిగి రంధ్రంలో ఇరుక్కుంటుంది. ఇంజను వేడిగా ఉన్నపుడు మరను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఐడిలింగు అన్నిటికంటే వేగంగా, నిలకడగా ఉన్నచోట ఆపాలి. తరువాత ఐడిలింగు మరతో వేగాన్ని నిర్ణీత స్థాయికి తేవాలి. మిశ్రమ మరను మూడు చుట్లకు మించి విప్పవలసి వస్తే పైలట్ జెట్టు ఒక అంచె చిన్నదని భావించాలి. పూర్తిగా బిగిస్తున్నా ఇంజను వేగం మారకపోతే జెట్టు పెద్దదని గాని, స్లైడు ఎక్కువ తెరిచి ఉన్నదని గాని అర్థం.

== ఫలితాన్ని తెలుసుకునే మార్గాలు ==

చోక్ పరీక్ష అన్నిటికంటే సులువైనది. తడబాటు వచ్చే స్థాయిలో చోక్‌ను కొద్దిగా లాగితే ఇంజను బాగుపడినట్లయితే మిశ్రమం పలుచనిది. మరింత చెడితే చిక్కనిది. ఇంజను చల్లగా ఉన్నపుడు బాగా నడిచి, వేడెక్కాక మందగిస్తే అది చిక్కని మిశ్రమానికి గుర్తు. ఎంత వేడెక్కినా చోక్ లేనిదే నిలవకపోతే పలుచని మిశ్రమానికి గుర్తు.

ప్లగ్గు రంగును చూడటం పాత పద్ధతి. పింగాణీ భాగం లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్లు, తెల్లగా గాజులా మెరిస్తే పలుచగా ఉన్నట్లు, పొడి మసితో నల్లగా ఉంటే చిక్కగా ఉన్నట్లు చెబుతారు. పరీక్షించదలచిన థ్రాటిల్ స్థాయిలో నడిపి, వెంటనే క్లచ్చి పట్టి ఇంజనును ఆపి చూస్తేనే ఆ స్థాయి రంగు తెలుస్తుంది. ఐడిలింగులో నడిపి ఇంటికి వచ్చాక తీసి చూస్తే తెలిసేది ఐడిలింగు రంగే. సీసం లేని నేటి పెట్రోలుతో రంగులు పూర్వం కంటే లేతగా ఉంటాయి గనుక దీని మీదనే ఆధారపడటం మంచిది కాదు.

సైలెన్సరు గొట్టంలో విస్తృత పరిధి ఆక్సిజను సెన్సరును అమర్చి నిష్పత్తిని అంకెలలో చూడటం అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి. కొత్త సైలెన్సరు శబ్దం ఎక్కువగా ఉన్నపుడు వాహనం వేగంగా పోతున్నట్లు అనిపించడం సహజం గనుక, శక్తి పెరిగిందో లేదో చెవితో నిర్ణయించలేము.

== రెండు ఘాతాల ఇంజన్లు ==

రెండు ఘాతాల ఇంజనులో కవాటాలు ఉండవు. పొగ పోయే ద్వారం, కొత్త మిశ్రమం వచ్చే ద్వారం ఒకేసారి తెరిచి ఉంటాయి. కనుక సైలెన్సరు ఇంజనులో ఒక భాగం వలె పనిచేస్తుంది. తూర్పు జర్మనీకి చెందిన ఎంజెడ్ సంస్థలో వాల్టర్ కాడెన్ 1950లలో అభివృద్ధి చేసిన ఉబ్బెత్తు గొట్టం, బయటికి పోతున్న తాజా మిశ్రమాన్ని పీడన తరంగంతో తిరిగి సిలిండరులోనికి నెట్టేది. ఆ తరువాత రెండు ఘాతాల పందెపు మోటారు సైకిళ్ళన్నిటా ఈ పద్ధతి వ్యాపించింది.

భారతదేశంలో 1985 నుండి 1996 వరకు తయారైన యమహా ఆర్ఎక్స్ 100 వంటి వాహనాలకు ఇటువంటి గొట్టాలను బిగించినపుడు జెట్టింగు తప్పనిసరి. పెట్రోలులోనే నూనె కలిపి వాడే ఇంజన్లలో మిశ్రమం పలుచబడితే ఇంధనంతో పాటు నూనె కూడా తగ్గి, పిస్టను సిలిండరుకు పట్టివేస్తుంది. నూనె పంపు ఉన్న వాహనాలలో నూనె తగ్గకపోయినా వేడి వలన అదే ప్రమాదం ఉంది.

== ఎత్తు, వాతావరణం, ఇథనాలు ==

ఎత్తైన ప్రదేశాలలో గాలి సాంద్రత తక్కువ. స్థిరమైన జెట్టు గల కార్బ్యురేటరులో గాలి, ఇంధన నిష్పత్తి సుమారుగా సాంద్రత వర్గమూలాన్ని అనుసరించి మారుతుంది. విశాఖపట్నం సముద్ర మట్టానికి దగ్గరగా ఉండగా, అరకులోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ సాంద్రత సుమారు 8 శాతం తగ్గి, మిశ్రమం సుమారు 4 శాతం చిక్కబడుతుంది. ఇది గమనింపదగినదే గాని జెట్టు మార్చవలసినంతది కాదు. 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ వంటి ప్రదేశాలలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఎత్తున సరిచేసిన జెట్లతో మైదానానికి దిగి వస్తే మిశ్రమం పలుచబడి ప్రమాదకరమవుతుంది. చలికాలంలో గాలి దట్టంగా ఉండి మిశ్రమం కొద్దిగా పలుచబడుతుంది గనుక, మండు వేసవి మధ్యాహ్నం చివరి అంచు వరకు పలుచగా చేసిన అమరిక డిసెంబరు తెల్లవారుజామున సరిపోకపోవచ్చు.

భారతదేశంలో 2023 నుండి 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం మొదలై క్రమంగా దేశమంతటా విస్తరించింది. ఇథనాలు పూర్తిగా మండటానికి 9:1 నిష్పత్తి చాలు. దానిలోనే ఆక్సిజను ఉండటం ఇందుకు కారణం. 20 శాతం ఇథనాలు గల పెట్రోలుకు ఆదర్శ నిష్పత్తి 14.7 నుండి సుమారు 13.5కు తగ్గుతుంది. అనగా పాత పెట్రోలుకు సరిపోయిన జెట్లతో మిశ్రమం పలుచబడుతుంది. పాత వాహనానికి కొత్త సైలెన్సరు బిగించినపుడు ఈ రెండు కారణాలూ ఒకే వైపుకు లాగే అవకాశం ఉంది.

== తరచు జరిగే పొరపాట్లు ==

* జెట్టు రంధ్రాన్ని తీగతో గాని, డ్రిల్లు బిట్టుతో గాని పెద్దది చేయడం. ఇత్తడి మెత్తనిది గనుక రంధ్రం గుండ్రదనం పోయి, సంఖ్యకు అర్థం లేకుండా పోతుంది. పూడిన జెట్టును శుభ్రపరచడానికి కార్బ్యురేటరు ద్రావకం, గాలి పీడనం వాడాలి.
* వేరొకరి వాహనానికి సరిపోయిన జెట్టు సంఖ్యను యథాతథంగా వాడటం. ఒకే నమూనా వాహనాలలో కూడా ఇంజను అరుగుదల, ఫిల్టరు, సైలెన్సరు లోపలి నిర్మాణం వేరువేరుగా ఉంటాయి.
* ఐడిలింగు లోపానికి మెయిన్ జెట్టును మార్చడం.
* సైలెన్సరులోని జాలీని తీసివేసి శబ్దం పెంచి, తరువాత వచ్చిన లోపాలకు కార్బ్యురేటరును నిందించడం.

== చట్టపరమైన అంశాలు ==

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం, నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 లోని 120వ నియమం ప్రతి మోటారు వాహనానికి శబ్దాన్ని తగ్గించే సైలెన్సరు ఉండాలని చెబుతుంది. తయారీ దశలో మోటారు సైకిళ్ళకు శబ్ద పరిమితి 80 సీసీ వరకు 75 డెసిబెళ్ళు, 80 నుండి 175 సీసీ వరకు 77 డెసిబెళ్ళు, 175 సీసీ పైన 80 డెసిబెళ్ళు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి వాహనం నడిపితే, 2019 సవరణ తరువాత 190వ సెక్షను ప్రకారం మొదటి నేరానికి మూడు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. మూడు నెలల పాటు లైసెన్సు అనర్హత కూడా ఉంటుంది. హైదరాబాదు, విశాఖపట్నం నగరాలలో పోలీసులు స్వాధీనం చేసుకున్న మార్పు సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించిన సందర్భాలు ఉన్నాయి.

కాలుష్య తనిఖీ పత్రం విషయంలో, 2000 మార్చి 31 తరువాత తయారైన, బీఎస్-6 కు ముందరి నాలుగు ఘాతాల ద్విచక్ర వాహనాలకు పరిమితి కార్బన్ మోనాక్సైడు 3.5 శాతం, హైడ్రోకార్బన్లు 4,500 పీపీఎం. ఈ పరీక్షను ఐడిలింగులోనే చేస్తారు. కనుక ఇందులో ఉత్తీర్ణత పైలట్ మర అమరిక మీద ఆధారపడి ఉంటుంది. మెయిన్ జెట్టు ఎంత పెద్దదైనా ఈ పరీక్షలో కనబడదు. పేలుళ్ళను ఆపడం కోసం పైలట్ మరను అతిగా విప్పిన వాహనం పరీక్షలో విఫలం కావచ్చు. కార్బ్యురేటరు ఎంత చక్కగా సవరించినా శబ్ద పరిమితిని మించిన సైలెన్సరు చట్టబద్ధం కాదు. ప్రమాణాలకు లోబడిన సైలెన్సరును ఎంచుకొని, పాత సైలెన్సరును, పాత జెట్లను భద్రపరచుకుంటే వాహనాన్ని ఎప్పుడైనా మొదటి స్థితికి తేవచ్చు.

== ఇవి కూడా చూడండి ==

* కార్బ్యురేటరు
* అంతర్దహన యంత్రం
* బెర్నౌలీ సూత్రం
* మోటారు సైకిలు
* వాయు కాలుష్యం